చిత్ర ప్రదర్శన, ప్రవేశం ఉచితం

పోస్టర్లు డిజైన్ చేసే ఆ అమ్మాయిది ఒకటే సూత్రం. అచ్చుకిచ్చే ముందు గోడకు అంటించి పది అడుగులు వెనక్కి నడవాలి. అక్కడినుంచి కనబడనిది ఏదైనా సరే, తీసేయాలి. ఈ పద్ధతిలోనే చెప్పుల దుకాణాలకూ పళ్ల డాక్టర్లకూ చేసిపెట్టింది, ఎవరూ వంక పెట్టలేదు. కళాసేవకుల చేతిలో పడేదాకా తల తినడమంటే ఏమిటో ఆమెకు తెలియదు.

ఈసారి పోస్టరు సొంత పిన్ని కోసం. పిన్ని ముప్ఫై ఏళ్లుగా వంటింటి పక్క గదిలో బొమ్మలు వేస్తోంది. వాటిని చూసినవాళ్లు ఇద్దరే, ఈ అమ్మాయీ, బాబాయీ. అందులోనూ బాబాయి కళ్లజోడు వెతుక్కుంటూ ఆ గదిలోకి వెళ్లినప్పుడే చూసేవాడు. ఆఖరికి అమ్మాయి కాళ్లరిగేలా తిరిగితే ఊళ్లోని కళాసంఘం హాలు ఇచ్చింది.

"ఈ ఒక్కసారీ చూస్తానమ్మడూ. నా బొమ్మలు ఎవరూ చూడకపోతే రంగులూ కుంచెలూ ఎవరికైనా ఇచ్చేస్తాను," అంది పిన్ని, పాలు కాచాలని చెప్పినంత మామూలుగా. పిన్ని ఊరికే అనే మనిషి కాదు.

అందుకే అమ్మాయి ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేసింది. పెద్ద కాగితం నిండా ఒకే బొమ్మ, తీగ మీద ఆరేసిన తెల్లచొక్కా. కింద లావు అక్షరాల్లో 'బొమ్మలు చూద్దాం రండి'. తేదీ, వేళ, చోటు. అంతే. వీధి అవతలినుంచి కూడా స్పష్టంగా కనబడింది.

దాన్ని చూసి సంఘం కార్యవర్గం ముక్కున వేలేసుకుంది. ఇంత కాగితం ఖాళీగా ఎందుకు వదిలారని ఒకాయన నిలదీశాడు. అధ్యక్షులవారి ఫోటో లేకపోతే నిండుదనం ఎక్కడిదని ఉపాధ్యక్షుడు వాపోయాడు. తనకు ఇలాంటివి గిట్టవంటూనే అధ్యక్షులవారు జేబులోంచి ఫోటో తీశారు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గాలికి జుట్టెగురుతుండగా తీయించుకున్నది. ఆయనది వేశాక మిగతావాళ్లవి వేయకపోతే బాగుండదు కదా. చొక్కా బొమ్మ తపాలాబిళ్లంత అయి ఓ మూలకు చేరింది.

ఆ తర్వాత కార్యదర్శి మాటల మీద పడ్డాడు. "బొమ్మలేమిటమ్మా, పిల్లలు ఆడుకునేవా? 'చిత్ర ప్రదర్శన' అని వెయ్యి. హుందాగా ఉంటుంది. కింద 'ప్రవేశం ఉచితం' అని కూడా పెద్దగా వెయ్యి."

ఫోటోల గొడవతోనే నీరసించిపోయిన అమ్మాయి, పోనీ మాటైనా మంచిదే కదా అని తలూపింది. అలవాటు కొద్దీ గోడకు అంటించి పది అడుగులు వెనక్కి నడిచింది. మూడే కనబడ్డాయి. నల్లకళ్లద్దాలు, 'చిత్ర ప్రదర్శన', 'ప్రవేశం ఉచితం'. చొక్కా కనబడలేదన్న దిగులులో మిగతా సంగతి ఆమె బుర్రకు తట్టలేదు.

ప్రారంభం రోజు సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. జనం పెళ్లాం పిల్లలతో సహా వచ్చి, ఖాళీగా ఉన్న తెల్లగోడ వైపు కుర్చీలన్నీ తిప్పుకుని కూర్చున్నారు. బొమ్మలన్నీ వాళ్ల వీపుల వెనక ఉండిపోయాయి. అధ్యక్షులవారు పొంగిపోయి కళ గురించి అరగంట ఉపన్యసించారు. సినిమాకు ముందు ప్రకటనలను భరించినట్టు జనం ఆయన్ను భరించారు. చివరికి ఒకావిడ లేచి ఆట ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. "పోస్టర్లో హీరో మీరే కదండీ?" అని ఆవిడ భర్త కూడా అడిగేసరికి, అధ్యక్షులవారు మొట్టమొదటిసారి తమంతట తామే మైకు వదిలేశారు.

అమ్మాయికి తల తీసేసినట్టయింది. చిత్రం అంటే జనానికి సినిమాయేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతా తన నిర్వాకమే. పిన్ని మొహం చూసే ధైర్యం లేక తల వంచుకుని కూర్చుంది.

పిన్ని మాత్రం లేచి నిలబడింది. "సినిమా లేదండీ. మీ వెనక గోడలకున్నవి నేను వేసిన బొమ్మలు. ఎలాగూ వచ్చారు కదా, ఓసారి చూసి వెళ్లండి."

సగంమంది తిట్టుకుంటూ వెళ్లిపోయారు. వాళ్లకు సర్దిచెప్పే నెపంతో కార్యవర్గమంతా వెంటే జారుకుంది. మిగిలినవాళ్లు కుర్చీలు వెనక్కి తిప్పారు. చేతులకు గ్రీజు మరకలున్న మెకానిక్ ఒకతను, సగం తెరిచిన తలుపు మీద చెయ్యేసిన ఆడమనిషి బొమ్మ ముందు ఆగి, ఎంతకీ కదల్లేదు. ఇతనూ దెబ్బలాటకే చూస్తున్నాడనుకుని అమ్మాయి క్షమాపణలు చెప్పబోయింది. అతను ఆమెను పట్టించుకోకుండా పిన్నిని పిలిచాడు.

"ఈవిడ తలుపు తీస్తోందా అండీ, వేస్తోందా?"

ముప్ఫై ఏళ్లలో ఎవరూ పిన్నిని ఇలాంటిది అడగలేదు. ఆవిడ అతని పక్కకు వచ్చి నిలబడి, "వేసేటప్పుడు నాకూ తెలియలేదండీ. మీకేమనిపిస్తోంది?" అంది.

"ఉండండి," అన్నాడతను, బొమ్మ మీదినుంచి చూపు తిప్పకుండా. "ఇంకా చూస్తున్నాను."