చెల్లి పడిపోయిన పూట

ఫొటోలో నడుము దగ్గర ఇంకాస్త లోపలికి లాగి ఉండాల్సింది, గడ్డం కింద నీడ అలాగే మిగిలిపోయింది, పొద్దున పెట్టిన ఫొటో ఈపాటికి ఎంతమంది చూసుంటారో, కింద మళ్లీ ఎవరైనా గుమ్మడికాయ అని రాసుంటారో, ఆ రీల్స్ అమ్మాయిలు ఏం తిని బతుకుతారు, లెక్కల మేడం బోర్డు మీద ఏదో గీస్తోంది, నా చెయ్యి బల్ల కింద పొట్టను తడుముకుంటోంది, తగ్గిందా, తగ్గలేదా, ఇంతలో గుమ్మంలో ఆయా, నిన్నేనమ్మా, మీ చెల్లి మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది, తొందరగా రా.

ఈ వరండా ఇంత పొడుగెప్పుడైంది, పొద్దున్నుంచి మంచినీళ్ల మీద ఉన్నది నేను, పడితే నేను పడాలి, అదెందుకు పడింది, మూడో తరగతి పిల్ల, నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్దకు నోరు తెరిచేది, ఎప్పుడు మానేసింది, అమ్మ నిన్న అననే అంది, నువ్వు సగం వదిలేస్తే ఇదీ సగం వదిలేస్తోందే, నీ వేషాలు దీనికీ అంటుకున్నాయి అని, నేను నవ్వాను, అయ్యో, నవ్వాను, తల మెట్టుకు తగిలిందేమో, రక్తం వచ్చిందేమో, దేవుడా, దానికేమన్నా అయితే.

నర్సు గదిలో మంచం మీద అది, పెదాలు సున్నం కొట్టినట్టు, కళ్లు తెరిచే ఉన్నాయి, ఉంది, బతికే ఉంది, నా గుండె మాత్రం ఇంకా మెట్ల మీదే దొర్లుతోంది, నర్సమ్మ గ్లూకోజు కలుపుతూ అడుగుతోంది, ఇది అన్నం డబ్బా రోజూ పక్కపిల్లకి పెట్టేస్తోందట, మీ ఇంట్లో ఎవరూ చూసుకోరా, చెల్లి పళ్లు బిగించి గ్లాసు తోసేస్తోంది, అక్కా, ఇది తాగితే లావవుతానా, ఎవరన్నారే నీకు, నువ్వేగా, అద్దంలో చూసుకుని పంది మొహం, పంది మొహం అంటావుగా, నాదీ నీ మొహమేనని అందరూ అంటారుగా.

అదే ముక్కు, అవే బుగ్గలు, అచ్చు గుద్దినట్టు, నన్ను నేను తిట్టుకున్న ప్రతి తిట్టూ ఈ మొహానికే తగిలింది, గ్లాసు లాక్కుని నేనే ముందు ఓ గుక్క తాగాను, లాక్కోవడంలో కొంత దాని గౌను మీద ఒలికింది, గొంతులోంచి దిగనంటోంది, దిగాలి, అది రెప్ప వెయ్యకుండా నా గొంతు వంకే చూస్తోంది, మింగాను, అప్పుడు చెయ్యి చాచింది, నెమ్మదిగా, నమ్మీ నమ్మనట్టు, రేపు కూడా ఇలాగే చూస్తుంది, ఎల్లుండీ చూస్తుంది, ఆ రీల్స్ చూడ్డానికి ఇంట్లో దీనికెవరూ ఫోను ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదు, చూసి నేర్చుకోడానికి నేనున్నాను.