అఖిల ఒరిజినల్స్

నర్సింగ్ కాలేజీలో సీటొచ్చిన పిల్ల చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకపోతే ఆ సీటు పోయినట్టే. అఖిలవి ఇంట్లో లేవు. బీరువా అంతా గాలించాక, కోటగిరిలో చెరకు పండించే ఆమె తండ్రి పోశన్న మెల్లగా నోరు విప్పాడు.

"కోచింగుల ఇచ్చిన బిడ్డా. నీట్‌కు ఇంకొక్కపారి సూస్తే..."

రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. బిడ్డను డాక్టరుగా చూడాలని ఆయనకెంత ప్రేమంటే, ఆమెను అడగకుండానే మూడో ఏడాదికి చేర్పించి వచ్చాడు. ఇలాంటి ప్రేమకు దండం పెట్టాలో, నాలుగు తిట్టాలో తెలియదు. అఖిలకైతే ఒళ్లు మండింది. కాలేజీలో చేరడానికి ఆ సాయంత్రం నాలుగింటి దాకే గడువు.

"బండి తియ్యి బాపు" అంది.

నిజామాబాద్ కోచింగ్ సెంటర్లో రాజేశ్వర్ సార్ అఖిల సర్టిఫికెట్ల ఫైలు మీద పెట్టిన చెయ్యి తీయలేదు. "నర్సింగ్ చేసి ఏం చేస్తవమ్మా? ఈసారి పక్కా కొడ్తవ్."

"మత్తిచ్చే పని నేర్సుకుంట సార్. నాలుగేండ్లు నర్సింగ్, రెండేండ్లు ఐసీయూల డ్యూటీ, ఆ మీద రెండేండ్లు మత్తు చదువు. అమ్మకు ఆపరేషనైన నాడు కోసిన డాక్టర్ కోసి పోయిండు. తలకాడ కూసొని అమ్మ ఊపిరి సూసుకుంట ఉన్నది ఒక నర్సక్క. నాక్కావాల్సింది గా కుర్సీ." తండ్రి వైపు తిరిగింది. "బాపు, చెరకు కొట్టినంక అవే మొదళ్ల మీద ఎన్నిసార్లు పంట తీస్తవ్?"

"రెండుసార్లు."

"మూడోపారి?"

"సన్నగ వస్తది. దున్నేస్త."

"మరి నా కాడికొచ్చేసరికి గా తెలివి యాడవాయె?"

పోశన్న మొహం చిన్నబోయింది. గోడ నిండా ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు. వాటి మధ్య కూతురి ఫోటో చూడాలని రెండేళ్లుగా ఆశపడ్డాడు, పాపం. లేచి, సార్ చేతి కింది నుంచి ఫైలు తనే లాక్కున్నాడు.

నర్సింగ్ కాలేజీ చేరేసరికి నాలుగింటికి పది నిమిషాలే ఉన్నాయి. క్లర్కు కాగితాలు తిరగేసి పోశన్నను చూశాడు. "ఒక్కసారి తీసుకున్నమంటే నడుమల వాపస్ ఇయ్యం పెద్దాయనా. పిల్లకు మంచి మార్కులున్నయి. డాక్టర్ సీటుకు ఇంకో ఏడాది ఆగొచ్చు గద?"

అఖిల తండ్రి వైపు చూసింది. బాపు మెత్తని మనిషి, ఎవరేం చెప్పినా తలూపే రకం.

పోశన్న ఫైలును క్లర్కు ముందుకు నెట్టాడు.

"ఆగనీకి టైం యాడిది సారూ? ఆమెకు ఎనిమిదేండ్ల పనున్నది. జల్ది రాసుకోండ్రి."