రెండో గాటు

నేను ఒక నల్లతుమ్మ కర్రను. కొట్టే కర్రను కాదు, బెజవాడలో గుణదల మేరీమాత కొండకు కాలినడకన పోయేవాళ్ళు ఊతగా పట్టుకునే కర్రను. నా ఒంటి మీద మూడు గాట్లున్నాయి. మా ఊళ్ళో వాటిని కళ్ళకద్దుకుంటారు. ఆ గాట్ల సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెప్పి తీరాలి.

నన్ను చెక్కింది శౌరయ్య తాత. ఈపూరు దగ్గర పల్లె ఆయనది. చేను గట్టు మీది కొమ్మ నరికి, ముళ్ళు చెక్కి, ఆముదం పట్టించి నునుపు చేశాడు. అరవయ్యో ఏట, ఫిబ్రవరి తిరునాళ్ళకు నన్ను పట్టుకుని చెప్పుల్లేకుండా ఒంటరిగా బయలుదేరాడు. మజిలీ చేసిన ప్రతి చోటా కొడవలితో నా మీద ఒక గాటు పెట్టాడు. మొదటిది నరసరావుపేట, రెండోది గుంటూరు, మూడోది మంగళగిరి. నాలుగో రోజు కొండెక్కాడు.

నాలుగు రోజుల్లో నడిచాడని ఊరు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. రెండో రోజు ఫిరంగిపురం దాటాక అరికాళ్ళు బొబ్బలెక్కి రోడ్డు పక్కన కూలబడ్డాడు. గుంటూరుకు పోయే మిరపకాయల లారీ ఒకటి ఆగింది. బస్తాల మధ్య తుమ్ముకుంటూ కూర్చున్నాడు మహానుభావుడు. గుంటూరు రెండు ఫర్లాంగులుందనగా దిగి, దుమ్ము దులుపుకుని, దర్జాగా నడిచి ఊళ్ళోకి వెళ్ళాడు. రెండో గాటు కూడా మొదటిదానంత లోతుగానే పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. నడక కథ అడిగినవాళ్ళకూ చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు. లారీ మాట మాత్రం ఎత్తలేదు. ఆయన్ను పొగుడుతుంటే వినడానికి నాకూ బాగానే ఉండేది.

తాత పోయాక మనవరాలు జోజమ్మ చేతికొచ్చాను. కూతురి గుండె ఆపరేషన్ గట్టెక్కితే తాతలాగే నడిచి వస్తానని ఆమె మాతకు మొక్కుకుంది. పాప లేచి తిరుగుతోంది. ఇక మొక్కు తీర్చాలి. జనవరిలో ఒక ఆదివారం పూజయ్యాక జోజమ్మ, ఆమె ఆడపడుచు లూర్దు, గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి ఇన్నయ్య గుడి వరండాలో చాప వేసుకుని కూర్చున్నారు. నన్ను మధ్యలో పడుకోబెట్టి, గాటుకో రోజు చొప్పున ప్రయాణం తేల్చారు.

“రెండో రోజు నలభై అయిదు కిలోమీటర్లు పడతయ్ ఒదినా,” అంది లూర్దు. “పిరంగిపురంలో ఆగుదాం. అయిదు రోజులైతే ఏంబోయింది?”

“తాత అరవై ఏళ్ళప్పుడు నడిచాడుగా. నాకు ముప్పై నాలుగే. తాతలాగా అని మొక్కి, సులువు చూసుకుంటే ఎట్టా?”

“కర్ర మీద ఉండనే ఉందిగా తల్లీ,” అన్నాడు ఉపదేశి. “పెద్దాయన పెట్టిన మజిలీలు మనం మార్చకూడదు.”

కాదురా నాయనా, అది లారీ మజిలీ అని చెబుదామంటే నాకు నోరు లేదు. నోరుంటే మాత్రం చెప్పేదాన్నా? ఏమో, నా మీద నాకే నమ్మకం లేదు.

ఫిబ్రవరిలో ముగ్గురూ బయలుదేరారు. రెండో రోజు సాయంత్రానికి పేరేచర్ల చేరేసరికి జోజమ్మ అరికాళ్ళు చిట్లి రక్తం కారుతోంది. అడుగు పడటం లేదు. లూర్దు ఆటో ఆపింది. జోజమ్మ ఎక్కనని ఏడ్చింది. చివరికి ఎత్తి కూర్చోబెట్టారు.

“తాతకున్న విశ్వాసం నాకు లేదు లూర్దూ. మొక్కు తప్పాను. పాపకేమన్నా అయితే?”

గుంటూరు దాకా అదే మాట. నన్ను ఒళ్ళో పెట్టుకుని రెండో గాటును బొటనవేలితో రుద్దుతూనే ఉంది. ఆ పిచ్చితల్లి వేలి కింద నేను చచ్చిపోయాను. మిగతా రెండు రోజులు పాదాలకు గుడ్డలు చుట్టుకుని, నా మీద బరువంతా వేసి నడిచింది. కొండెక్కి కొవ్వొత్తి వెలిగించింది గానీ, ఆమె మొహంలో నెమ్మది లేదు.

తర్వాతి ఆదివారం పూజ చివర ఆమె నన్ను పట్టుకుని అందరి ముందూ లేచి నిలబడింది.

“పేరేచర్ల కాడ్నించి గుంటూరు దాకా ఆటోలో పోయాను. నా మొక్కు తీరలేదు. వచ్చే ఏడు మళ్ళీ మొదట్నించీ నడుస్తాను. అప్పటిదాకా నా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యండి.”

తాత ఇరవై ఏళ్ళలో చెప్పలేనిది ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. ఉపదేశి జాలిగా ఆమె భుజం తట్టాడు.

“బాధపడమాక తల్లీ. మీ తాతంతటోడు మళ్ళీ పుడతాడా?”

గుడిలో అందరూ అవునన్నట్టు తలలూపారు. జోజమ్మ తల దించుకుంది. దించుకోవాల్సిన తల ఆమెది కాదు.