అద్దెకిచ్చిన సొంతిల్లు

గోపన్‌పల్లిలో సొంత ఫ్లాటు ఉన్నా, దాన్ని అద్దెకిచ్చి లీదియా నాలుగేళ్లుగా ఒంటిగదిలో కాపురం చేస్తోంది. భర్త ఇమ్మాన్యుయేల్ కంపెనీ క్యాబ్ నడుపుతాడు. ఆ పని ఎప్పుడు పోతుందోనన్న బెంగతో, వచ్చిన అద్దెంతా బ్యాంకుకే కట్టి ఇంటి అప్పు త్వరగా తీర్చేద్దామన్నది ఆమే.

పాతవాళ్లు ఖాళీ చేశారు. పొద్దున్నుంచీ ఇల్లు కడిగి, చూడవచ్చిన ఒకావిడకు చూపిస్తోంది. ఆరేళ్ల కూతురు జాయ్స్ ముందే ఉరికి, "ఆంటీ, ఇది నా రూమ్!" అంది.

ఆవిడ అన్నీ చూసి గొంతు తగ్గించింది. "ఇంత బాగుంటే మీరెందుకు ఉండట్లేదండీ? నీళ్లు రావా?"

"వస్తయి మేడం..."

నడుము లాగేస్తుంటే లీదియా నేల మీదే కూలబడింది. ఈ ఇంట్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏమనుకోకుండ్రి. మేమే వస్తున్నం."

ఆవిడ వెళ్లాక భర్తకు ఫోన్ చేసి చెప్పింది.

"ఏందే! జల్ది తీర్చాలని నా పానం తీసింది నువ్వే కదా. ఇప్పుడొస్తే అప్పు తీరనీకి ఇంకో ఐదారేండ్లు ఎక్కువ పడ్తది."

"కానియ్యి. నాకు ఇగ ఈడనుంచి లేవబుద్ధి అయితలేదు. సామాన్లు ఏసుకొని రా."