అన్నదమ్ములు లేని నాణెం

నేను ఒక అమెరికా సెంటు నాణేన్ని, నా బుగ్గ మీద ఉన్నది ఉత్త పొక్కు. ఈ మాట చెప్పడానికి నాకు నోరు లేదు, వినడానికి తారకం గారికి మనసు లేదు.

నా పుట్టుకలో రహస్యమేమీ లేదు. లోపల జింకు, పైన పలచటి రాగి పూత. ఎక్కడో సముద్రాల అవతల నాకు పూత పట్టిస్తున్నప్పుడు దాని కింద కాస్త గాలి చిక్కుకుపోయింది. తరవాత అచ్చు నా మీద పడి తన పని తాను తప్పు లేకుండా చేసింది. ఆ దెబ్బ వేడికి లోపలి గాలి ఉబ్బి, సంవత్సరం అంకె పక్కన పొక్కై లేచింది. నాతోపాటు పుట్టినవాళ్ళలో పొక్కులున్నవి చాలానే ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కోచోట. మాలో ఎవరమూ దాన్ని గొప్పగా చెప్పుకోలేదు.

ఒక నావికుడి జేబులో కాకినాడ రేవుకు చేరాను. అతను నన్ను గుర్తుగా ఉంచుకోమని టీకొట్టు అప్పలకొండకిచ్చాడు. అప్పలకొండ గల్లాపెట్టెలో ఓ మూల పడేసి, రెండేళ్ళు నా వంక చూడలేదు. మనుషుల మధ్య నేను సుఖంగా ఉన్నది ఆ రెండేళ్ళే.

తరవాత నాణేలు పోగేసే తారకం గారు అప్పలకొండని అడిగి నన్ను పట్టుకెళ్ళాడు. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. అరతులం తగ్గిన తూకపురాయిని అరచేతిలోనే పట్టేసేవాడట. కానీ నాణేల సంఘం ఏటా పెట్టే ప్రదర్శనలో పంతొమ్మిదేళ్ళుగా ఆయన బల్ల చెప్పులు విడిచే చోటే. నన్ను భూతద్దం కింద పెట్టిన రోజు నా పొక్కును అచ్చులో తప్పనుకున్నాడు. జీవితమంతా ఊరివాళ్ళ తప్పులు పట్టినవాడికి, చివరికి ఓ టంకశాల తప్పు తనకోసమే దాచిపెట్టి ఉంచిందని తోచింది.

నెలరోజులు వందల సెంట్ల ఫోటోలు వెతికాడు. నా పొక్కు ఉన్నచోట ఇంకే నాణేనికీ పొక్కు కనబడలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆయన భార్య వరాలమ్మ గారు గరిటె చేత్తో పట్టుకునే వంగి చూసి, అప్పడం మీద లేచినట్టు లేచిందే అంది. ఆనాటినుంచి ఆవిడకు నన్ను చూపించడం మానేశాడు.

సంఘం ఈసారి ఆయనకు నడిమి అద్దాలపెట్టె ఇచ్చింది. ప్రదర్శన ఉదయం, జనం మెట్లెక్కక ముందే, సంఘం పెద్ద ఖాసిం గారు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి, తొందర ఎరగడు.

"అచ్చులో తప్పుంటే ఆ అచ్చు కొట్టినవాటన్నిటికీ అదేచోట అదే తప్పుండాలండి. దీని అన్నదమ్ములేరీ?"

"లేరండి. ప్రపంచంలో ఇదొక్కటే. అదే కదండీ దీని గొప్ప."

"అదేనండి దీని రోగం."

చుట్టూ నిలబడ్డ నలుగురు సభ్యులు నవ్వు మింగారు. ఒంటరిగా ఉన్నదంతా గొప్పదే అనుకోవడం మనుషులకు మామూలే. ఎవరూ తనలా లేరని ఈ పెద్దమనిషి ఎన్నేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్నాడో, నన్ను పట్టుకునే తీరులోనే నాకు తెలిసిపోయేది.

ఖాసిం గారు పళ్ళపుల్ల ఒకటి బల్ల మీద పెట్టాడు. "మెల్లిగా నొక్కండి. అచ్చు తప్పైతే రాయిలా ఉంటది. పొక్కైతే కూచుంటది. నేను నొక్కనండి, నాణెం మీది."

కార్యదర్శి సూరిబాబు గడియారం చూసుకున్నాడు. "నొక్కడాలెందుకు గురువుగారూ, అద్దంలో పెట్టేద్దురూ. ఎవడికి తెలుస్తది?"

తారకం గారు పుల్ల తీసుకుని గోడవైపు తిరిగాడు. వీపు అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి, పుల్ల మొన నా మీద ఆనించాడు. నేను మెత్తగా లొంగాను. సగం పొక్కు దిగింది, సగం మిగిలింది. ఆ మెత్తదనం పుల్లగుండా ఆయన వేళ్ళకు తెలిసింది. అరతులం తేడా పట్టిన వేళ్ళు కదా. వెనక సూరిబాబు అద్దాలపెట్టె మూత ఎత్తి పట్టుకుని ఉన్నాడు. మెట్ల మీద జనం అడుగులు వినబడుతున్నాయి. ఆ మిగిలిన సగం అద్దం వెనక ఇంకా అచ్చు తప్పులాగే కనబడుతుందని ఆయనకు తెలుసు.

తరవాత ఇటు తిరిగాడు. నన్ను వెలుతుర్లోకి, అందరి కళ్ళకూ అందే ఎత్తున పట్టుకుని, మళ్ళీ నొక్కాడు.