పది గజాల గీత

మా ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. కాలితో ఆడేదాన్ని సాకర్ అంటారు, అదీ మర్యాదస్తులు. మిగతావాళ్ళకి అది ‘తన్నుడు బంతి’. అలాంటి ఊళ్ళో లూథర్ క్విన్లన్ అనే ఇళ్ళ కప్పుల కాంట్రాక్టరు ఏం పురుగు కుట్టిందో సాకర్ క్లబ్బు పెట్టాడు. పేరు కార్బెట్ మిల్స్ రివర్‌మెన్. మా నదిలో పడవ తిరిగి డెబ్భై ఏళ్ళయింది. పేరు మాత్రం పడవవాళ్ళది.

దేశంలో అన్నిటికన్నా అడుగున ఉండే లీగు అది. ఎన్ని ఆటలు ఓడినా ఇంకా కిందికి తోయడానికి చోటు లేదు. మొదటి సీజన్లో పన్నెండు ఆడి పన్నెండూ ఓడాం. రెండో సీజన్లో ఒకటి గెలిచాం, అదీ అవతలి జట్టు వ్యాను దారిలో చెడిపోయి ఎనిమిది మందే దిగితే. హైస్కూలు మైదానమే మా మైదానం. గోల్ వెనకాల ఫుట్‌బాల్ వాళ్ళ ఎత్తు స్తంభాలు రెండు నిలబడి ఉంటాయి. మావాడెవడైనా బంతిని గోల్ పైనుంచి ఆ స్తంభాల మధ్యలోకి తన్నాడంటే చాలు, మెట్లమీద కూర్చున్న నూట నలభై మందీ "మూడు పాయింట్లు!" అని అరిచి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఫుట్‌బాల్లో అలా కొడితే మూడు పాయింట్లు వస్తాయి. మాకు వచ్చేది నవ్వులే.

నా పేరు వెర్నన్ టాలీ. ఆ మైదానంలో ముప్పై ఒక్క ఏళ్ళు గడ్డి కోశాను, గీతలు గీశాను. రిటైరై ఇంట్లో కూర్చుని గోడలతో పోట్లాడుతుంటే క్విన్లన్ వచ్చాడు.

"మా ఆటక్కూడా గీతలు గీసిపెట్టు వెర్న్. నీ చేతి గీత వంకరపోదంటారు కదా" అన్నాడు.

పొగిడితే పడిపోయే రకం నేను. పడిపోయాను.

ఫుట్‌బాల్ గీతలు తెల్లవి, మావి పసుపువి. గోల్ ముందు పెనాల్టీ డబ్బా అంచున మా పసుపు గీత ఉంటుంది. దానికి సరిగ్గా రెండు గజాల అవతల ఫుట్‌బాల్ వాళ్ళ పది గజాల గీత. గోల్‌కీపర్ డబ్బాలో ఉన్నంతసేపూ బంతిని చేత్తో పట్టుకోవచ్చు. పసుపు గీత దాటి పట్టుకున్నాడంటే వాడి పని అయిపోయినట్టే. మా సీజన్ మే నుంచి జూలై దాకా. అప్పటికి పాత తెల్ల గీతలు వెలిసిపోయి గడ్డిలో కలిసిపోతాయి కాబట్టి రెండేళ్ళూ ఏ గొడవా రాలేదు.

మూడో సీజన్లో ఆఖరి ఆట ఉరుములతో ఆగిపోయింది. దాన్ని ఆగస్టు మధ్యకి జరిపారు. ఆగస్టులో స్కూలు ఫుట్‌బాల్ మొదలవుతుంది. నా ఉద్యోగంలోకి వచ్చిన కొత్తవాడు తెల్ల గీతలన్నీ దట్టంగా వేసి పెట్టాడు.

ఇక నోలన్ హ్రూబీ. మా గోల్‌కీపర్. ఇరవై ఆరేళ్ళు, పగలంతా టైర్ల గోదాములో పని. మూడు సీజన్లలో మా గోల్లో పడాల్సినవి ఓ వంద ఉంటే సగం వాడు ఆపాడు. మిగతా సగానికి తిట్లన్నీ వాడే తిన్నాడు. ఆట అయ్యాక అందరూ కార్లెక్కి వెళ్ళిపోతే వాడొక్కడే ఆగేవాడు. చెమట బట్టలతోనే చేతికో రంగు బకెట్ పట్టుకుని నాతోపాటు షెడ్డు దాకా వచ్చేవాడు. నేను వద్దన్నా వినేవాడు కాదు. వాడంటే నాకు ప్రాణం. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు.

ఆ ఆఖరి ఆటకి పై లీగు క్లబ్బు నుంచి ఒకాయన వస్తున్నాడు, గోల్‌కీపర్లకి శిక్షణ ఇచ్చే ఆయన. నోలన్ పంపిన వీడియో చూసి, ఒక్క ఆట కళ్ళారా చూసి చెబుతానన్నాడట. నచ్చితే చలికాలంలో పిలుస్తాడు. జీతమిచ్చి ఆడించే క్లబ్బు. నచ్చకపోతే ఇరవై ఆరేళ్ళవాణ్ణి ఇంకెవడూ పిలవడు. ఇంత అధ్వాన్నపు జట్టులోంచి ఒక్కడు పైకి వెళితే మేం పడ్డ అవమానాలకి ఒక అర్థం ఉంటుందని నేను రాత్రుళ్ళు అనుకునేవాణ్ణి.

ఆటకి రెండు రోజుల ముందు, గురువారం సాయంత్రం నోలన్ పని బట్టలతోనే మైదానానికి వచ్చాడు. దక్షిణం గోల్ ముందు నిలబడి కళ్ళు చికిలించి చూశాడు.

"వెర్న్, ఇటు రండి. ఇక్కణ్ణుంచి చూడండి. మీ పసుపు గీత కనిపిస్తోందా?"

"దగ్గరికొస్తే కనిపిస్తుంది."

"దగ్గరికి నడుచుకుంటూ రాను కదా, పరుగెత్తుకొస్తాను. ఎండ వాలితే పసుపు మాయమైపోతోంది. ఆ తెల్లదొక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది." కాస్త మొహమాటపడి అడిగాడు. "ఆకుపచ్చ రంగు వేసి ఆ గీతని కప్పేస్తారా? ఈ గోల్ ముందుదొక్కటే. రెండో సగం నేను ఇటే ఉంటాను."

"అదెంత పనిరా! శనివారం పొద్దున్నే కప్పేస్తా."

"ఖాయమేనా?"

"వెర్నన్ టాలీ మాటిచ్చాక మళ్ళీ అడిగినవాడు లేడు, తెలుసా?"

నవ్వాడు. "అయితే నేను దాని గురించి ఆలోచించడం మానేస్తాను" అన్నాడు.

శనివారం పొద్దున్న ఏడింటికల్లా వెళ్ళాను. పసుపు, ఆకుపచ్చ రంగు బకెట్లు రెండూ మైదానం అంచున పెట్టి ముందు పసుపు గీతలన్నీ మళ్ళీ దిద్దాను. పది దాటింది. కొత్త ఆకుపచ్చ బకెట్ మూత మీద చెయ్యి వేశానో లేదో వెనక ఈల మోగింది.

బక్ స్టాడ్లర్. స్కూలు ఫుట్‌బాల్ కోచ్. ఆ ఈల మెడలో లేకుండా నేనాయన్ని పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు.

"ఏం చేస్తున్నావ్ వెర్నన్?"

"ఈ ఒక్క గీత కప్పుదామని కోచ్. ఆట అయిపోగానే మళ్ళీ తెల్లరంగు వేసేస్తా."

"సోమవారం మావాళ్ళకి ఫొటోలు. తల్లిదండ్రులొస్తారు, పేపరువాళ్ళొస్తారు. నా మైదానం మీద పచ్చ మరకలుంటే బాగుంటుందా?"

"మరక కనపడదు కోచ్. సాయంత్రం మా కుర్రాణ్ణి చూడ్డానికి పైనుంచి..."

"మీ తన్నుడు బంతివాళ్ళకి మైదానం ఇవ్వడమే ఎక్కువ. దాని మీద ఒక్క చుక్క పడిందంటే వచ్చే ఏడాది మీరు నదిలో ఆడుకోవాలి. పడవలవాళ్ళే కదా! మూత వదులు."

వదిలాను. అరవై ఆరేళ్ళవాణ్ణి, ఆయన దగ్గర జీతం తీసుకోవడం లేదు, ఆయన నన్ను పీకేదీ లేదు. అయినా ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఈల వినగానే లేచిన కాళ్ళు, ఆ ఈల వినగానే ఆగిపోయాయి.

అక్కడితో అయిపోతే ఆయన్ని తిట్టుకుని బతికేవాణ్ణి. ఒంటిగంటకి స్టాడ్లర్ కారెక్కి వెళ్ళిపోయాడు. ఆటకి ఇంకా నాలుగున్నర గంటల టైముంది. ఆ రంగు అరగంటలో ఆరిపోతుంది. నేను షెడ్డులో తిరగేసిన బకెట్ మీద కూర్చుని హామ్ శాండ్‌విచ్ తిన్నాను. లేద్దామనుకున్నాను. ఆయన మళ్ళీ వస్తాడేమో అనుకున్నాను. నదిలో ఆడుకోమన్న మాట గుర్తొచ్చింది. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నాను. అలా చూస్తూ చూస్తూ నాలుగు చేశాను. నాలాంటి పిరికి సన్నాసి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

నాలుగుంబావుకి నోలన్ వచ్చాడు. గ్లవ్స్ తొడుక్కుంటూ గోల్ దాకా వెళ్ళి ఆగిపోయాడు. తెల్ల గీత మెరుస్తోంది.

"వెర్న్, ఇదింకా అలాగే ఉందేంటి?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. బయటికి వేరేది వచ్చింది.

"పొద్దున్నే వేశానురా. నేనటు వెళ్ళగానే నీళ్ళు చల్లే గొట్టాలు తెరుచుకున్నాయి. రంగంతా కడుక్కుపోయింది. ఇప్పుడు వేద్దామంటే స్టాడ్లర్ చూసి మైదానం పీకేస్తాడు."

వాడు నా మొహంలోకి చూశాడు. నేను వాడి గ్లవ్స్ వైపు చూశాను.

"అయ్యో, ఈ ఎండలో వంగి వంగి వేసుంటారు. పడ్డ కష్టమంతా నీళ్ళపాలు" అన్నాడు. నా భుజం తట్టాడు. "పర్లేదు లెండి. నాకు తెలుసు కదా, నేను చూసుకుంటాను."

నేను పడని కష్టానికి వాడు జాలిపడ్డాడు. అప్పుడే అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

ఆట అయిదున్నరకి మొదలైంది. అవతలిది ఫోర్ట్ డేల్ జట్టు, పట్టికలో రెండోది. పై క్లబ్బు ఆయన బూడిదరంగు టోపీ పెట్టుకుని మెట్ల చివర కూర్చున్నాడు. మోకాలి మీద నోటు పుస్తకం, పక్కన పాప్‌కార్న్ పొట్లం. మొదటి సగంలో నోలన్ నాలుగు ఆపాడు. ఒకటి గాల్లోకి ఎగిరి వేలికొనలతో బయటికి నెట్టాడు. టోపీ ఆయన పాప్‌కార్న్ పక్కన పెట్టి రాసుకున్నాడు. క్విన్లన్ నా మోచెయ్యి పట్టుకుని "చూశావా, చూశావా" అంటున్నాడు. నేను దక్షిణం గోల్ వైపే చూస్తున్నాను.

రెండో సగంలో నోలన్ అటు మారాడు. సూర్యుడు వాలాడు. ఎండిన గడ్డి, పసుపు గీత ఒకే రంగైపోయాయి. ఇంకా సున్నా సున్నా. ఆ జట్టు మా మీద గోల్ కొట్టకుండా డెబ్భై నిమిషాలు గడవడం అదే మొదటిసారి. మెట్ల మీదివాళ్ళు వేళాకోళం మానేసి నిజంగానే చూస్తున్నారు.

డెబ్భై ఒకటో నిమిషంలో వాళ్ళు వెనకనుంచి పొడుగ్గా ఒక బంతి తన్నారు. మావాళ్ళు వెనకబడ్డారు. వాళ్ళ ముందువరస ఆటగాడు ఒక్కడే దూసుకొస్తున్నాడు. నోలన్ గోల్ వదిలి ఎదురు పరుగెత్తాడు. సరిగ్గా పరుగెత్తాడు, సరైన క్షణంలో కదిలాడు, ఒక్క అడుగు ఆలస్యం లేదు. తల కొద్దిగా వంచి గీత చూసుకోవడం కూడా చూశాను. వాడు చూసుకున్నాడు. వాడి కంటికి ఆనింది తెల్లది. దానికి అరగజం ఇవతల నేలమీద పడి, రెండు చేతులతో బంతిని గుండెకి హత్తుకున్నాడు. ఎంత అందంగా పట్టాడంటే మెట్ల మీద చప్పట్లు మొదలయ్యాయి.

రిఫరీ ఈల వేశాడు.

నోలన్ తల ఎత్తలేదు. వెనక్కి తిరిగి పసుపు గీత ఎక్కడుందో వెతుక్కున్నాడు. అది వాడి బూట్ల వెనకాల ఉంది. ఎర్ర కార్డు చూపిస్తుంటే తల ఊపాడు, వాదించలేదు. గ్లవ్స్ విప్పి రెండో గోల్‌కీపర్ చేతికిచ్చి, గీత పక్కనుంచి నడుచుకుంటూ బయటికి వచ్చాడు.

టోపీ ఆయన నోటు పుస్తకం మూశాడు. ఆ వెంటనే లేవలేదు. మర్యాద కోసం కాబోలు, వాళ్ళు ఫ్రీ కిక్ గోల్ కొట్టేదాకా ఆగాడు. తర్వాత ఒళ్ళో పడ్డ పాప్‌కార్న్ దులుపుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. మొత్తం మూడు గోల్స్ తిన్నాం. చివర్లో మావాడొకడు ఖాళీ గోల్ ముందు బంతిని స్తంభాల మధ్యకి లేపాడు. ఎవరో "మూడు పాయింట్లు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అందరూ వెళ్ళిపోయారు. క్విన్లన్ కూడా నాతో మాట్లాడకుండానే వెళ్ళాడు. నోలన్ బెంచీ మీద ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మామూలుగానే ఉంది.

"నాకు తెలుసు వెర్న్. అక్కడ తెల్ల గీత ఉందని తెలుసు. పరుగెత్తేటప్పుడు కూడా అదే అనుకున్నా, పసుపుది చూడు, పసుపుది చూడు అని. అయినా కన్ను అటే పోయింది."

"నోలన్..."

"మీరు మనసులో పెట్టుకోకండి. గొట్టాలు తెరుచుకుంటే మీరేం చేస్తారు? మీరు మాట నిలబెట్టుకున్నారు. తప్పు నాదే."

ఊఁ అన్నాను. నేను అన్నది ఊఁ, అంతే.

"పదండి, బకెట్లు పెట్టేద్దాం" అని లేచాడు.

నేను లేచేసరికి ఆలస్యమైపోయింది. వాడు అంచున ఉన్న రెండు బకెట్ల దగ్గరికి వెళ్ళి ఎప్పట్లాగే చెరో చేత్తో ఒకేసారి లేపాడు. పసుపుది దాదాపు ఖాళీ, తేలిగ్గా లేచింది. ఆకుపచ్చది లేవలేదు. మనిషి ఒక పక్కకి ఒరిగిపోయాడు. బకెట్ కింద పెట్టి మూత చూశాడు. మూత చుట్టూ ఉండే ప్లాస్టిక్ పట్టీ తెగలేదు. దుకాణంలోంచి వచ్చినట్టే ఉంది.

వాడు దాని మీద బొటనవేలు పెట్టి ఓ చుట్టు తడిమాడు. ఈసారి ఆకుపచ్చదాన్ని రెండు చేతులతో ఎత్తుకుని షెడ్డులోకి మోసుకెళ్ళి అరలో పెట్టాడు. తిరిగొచ్చి పసుపుది కూడా తీసుకెళ్ళి దాని పక్కనే పెట్టాడు. బకెట్ల పేర్లు బయటికి కనిపించేలా తిప్పాడు, నాకు అలా ఉంటే ఇష్టమని వాడికి తెలుసు. నేను గుమ్మంలో తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాను.

చేతులు ప్యాంటుకి తుడుచుకుని నన్ను దాటుకుంటూ బయటికి వచ్చాడు.

"ఉంటానండీ, మిస్టర్ టాలీ" అన్నాడు.

మూడు సీజన్లలో వాడు నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. వాడి కారు స్టార్టయ్యేదాకా నేను తాళం వేయలేకపోయాను.