టెక్సాసా, మిన్నసోటానా

మణిమాల వరండాలో నిలబడి తాడు పైకి లాగుతోంది. ఐదంతస్తుల కింద యాంగోన్ వీధిలో మొహింగా అమ్మే మనిషి తాడు చివరి క్లిప్పుకు సంచి తగిలించి, రెండుసార్లు గుంజి వెళ్లిపోయింది. సంచిలో చేపల పులుసు, బియ్యప్పిండి సేమ్యాలు. బరువేమీ లేదు. అయినా సంచి మూడో అంతస్తు దాకా వచ్చాక మణిమాల ఆగి, తాడును కమ్మీకి ఒక చుట్టు చుట్టి, కుడి భుజం రుద్దుకుంది. రోజంతా చాట పట్టే భుజం అది.

లోపల ఆమె మొగుడు కోటిబాబు ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా మాట్లాడుతున్నాడు. అవతల టెక్సాస్‌లో ఉన్న జగన్మోహన్.

"జీతంలో రాష్ట్రం పన్ను కొయ్యరు బావా. ఎండంటావా, మన యాంగోన్ ఎండే అనుకో. కాపోతే కారు నేకపోతే కాళ్లు నేనట్టే."

"మరి సత్యారావు మిన్నసోటాకే రమ్మంటన్నాడు. బస్సులున్నాయంట. జొరమొస్తే గవర్నమెంటే సూసుకుంటాదంట."

"ఐదు నెలలు మంచు తవ్వుకోమను. నీ ఇష్టం. రెండో టికెట్టు ఎక్కడికో మజ్జానంలోగా సెప్పీ."

మూడు వారాలుగా ఆ ఇంట్లో ఇదే మాట. పాత క్యాలెండరు వెనక కోటిబాబు నిలువుగీత గీసి, అటు ఒక రాష్ట్రం, ఇటు ఒక రాష్ట్రం రాశాడు. అద్దె, ఆస్పత్రి, చలి, కోడిమాంసం ఫ్యాక్టరీలో పని గంటలు. ఎవరు ఇంటికొచ్చినా ఆ కాగితం ముందు కూర్చుని తలో మాటా చెప్పి, టీ తాగి వెళ్లేవారు. సాయంత్రం విమానం. అది లాస్ ఏంజెలెస్ దాకానే. అక్కడ దిగాక ఎటు ఎక్కాలన్నది ఇంకా తేలలేదు.

మణిమాల గిన్నెలో పులుసు పోసి అతని ముందు పెట్టింది. తనకు టిఫిను డబ్బాలో అన్నం, ఎండుచేప సర్దుకుంది. చెంపలకు తనకా చెక్క అరగదీసిన గంధం రాసుకుని చెప్పులేసుకుంది.

"ఎళ్లొత్తాను బావా."

"ఆఁ, రా," అన్నాడు కాగితంలోంచి తల ఎత్తకుండా.

అహ్లోన్ రేవు పక్కన గోదాములో ఆడవాళ్లు మినుముల చాటలు ముందేసుకుని కూర్చుంటారు. మణిమాలకు ముప్పయ్యారేళ్లు. పద్నాలుగేళ్లుగా అదే మూల, అదే గోనెపట్టా. నల్లటి మినుముల్లో నల్లటి రాయిని కంటికన్నా ముందు ఆమె వేలు పట్టుకుంటుంది. బొటనవేలి చివర కాయకాసి గట్టిపడింది. గోళ్ల సందుల్లో నలుపు సబ్బుకు పోదు.

"ఏటే, మొగుడు ఇమానం ఎక్కతంటే ఇక్కడ రాళ్లేరతన్నావా?" పక్క పట్టా మీది చిలకమ్మ అడిగింది.

"నానింట్లో కూకుంటే ఇమానం ఆగుద్దా పిన్నీ?"

"ఇంతకీ ఏ దేశం తేల్సేడు?"

"దేశం ఒకటే. అందులో రెండు రాస్ట్రాలు. ఒకదాన్లో ఎండంట, ఒకదాన్లో మంచంట."

"రెండింట్లోనూ ఆడోళ్లు ఉంటారు కదేటే? జాగర్త!"

అందరూ నవ్వారు. మణిమాల కూడా నవ్వింది. చాట చెరిగినప్పుడు లేచిన దుమ్ము కళ్లలో పడిందని కొంగుతో తుడుచుకుంది.

పదకొండేళ్ల కిందట మింగళ తౌంగ్‌న్యున్ పేటలో అమ్మవారి గుడిలో వాళ్ల పెళ్లయింది. పూజారి మంత్రాలు చదివాడు, ముప్పైమంది పులిహోర తిన్నారు. కాగితం సంగతి ఎవరికీ తోచలేదు. వాళ్లలో ఎవరి పెళ్లికీ కాగితం లేదు. నిరుడు వీసా లాటరీకి దరఖాస్తు పెట్టడానికి కోటిబాబు లత పేటలో ఫారాలు నింపే కొట్టుకు వెళ్తే, కొట్టువాడు పెళ్లి కాగితం ఉందా అని అడిగాడు. లేదన్నాడు. అయితే పెళ్లికానివాడని రాద్దామన్నాడు కొట్టువాడు. సరేనన్నాడు. వచ్చేదా చచ్చేదా అనుకున్నారు. వచ్చింది.

ఆ క్యాలెండరు కాగితంలో లేని ప్రశ్న ఒకటి మణిమాల దగ్గరుంది. ఏ రాష్ట్రం నుంచైతే తనను తొందరగా పిలిపించుకోవచ్చు? మూడు వారాల్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతనే ఎత్తుతాడని చూసింది. ఇవాళ తనే అడగాలనుకుంటూ పొద్దుటి నుంచి రెండు చాటలు ఎక్కువే ఏరింది.

ఒంటిపూట పని చేసి, బస్సు దిగి, అంతస్తుకొకసారి ఆగుతూ మెట్లెక్కింది. కోటిబాబు లుంగీ మీద ఉన్నాడు. పెట్టె మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతున్నాడు.

"టెక్సాస్ అని సెప్పీసేను. సలి నేదు కదా."

ఆమె టిఫిను డబ్బా కింద పెట్టింది. "అక్కడ్నించైతే నన్ను ఎప్పుడు పిలుస్తావు?"

జిప్పు సగంలో ఆగింది.

"రెండు సోట్లా ఒకటే రూలు మణీ. కాయితంలో నానొంటరోడిని. ఇప్పుడు పెళ్లాం ఉందంటే అబద్దం ఆడినట్టవుద్ది. ఎనక్కి పంపీస్తారు."

"మరి?"

"ఎయిర్‌పోర్టుకి కూడా రాకు. ఈవిడెవులని అడిగితే ఏటి సెప్తాం?"

అన్నం వడ్డించింది. అతను చారు రెండోసారి పోయించుకుని తిన్నాడు. తర్వాత ఆమె వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయింది. ముందుగదిలో బెల్టు కట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. కింద టాక్సీ హారను మోగింది.

ఆమె నీళ్లు కట్టేసింది. వీధి చివర కిళ్లీకొట్టుకు పోయినా "ఎళ్లొత్తాను" అనే పోతాడు కోటిబాబు. వెళ్తున్నాను అని ఆ ఇంట్లో ఎవరూ అనరు, అశుభం. తడి చేతులు కొంగులో పెట్టుకుని నిలబడింది. 'రా' అన్న మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

గుమ్మం దగ్గర అడుగులు ఆగాయి.

తర్వాత పెట్టె ఒక్కో మెట్టుకూ తగులుతూ దిగడం మొదలైంది. ఐదో అంతస్తు, నాలుగు, మూడు. ఆ కింద వినబడలేదు.

మణిమాల ముందుగదిలోకి వచ్చింది. గది మధ్యలో అతని ఆకుపచ్చ గళ్ల లుంగీ, ప్యాంటు వేసుకోవడానికి ముడి విప్పి బయటికి అడుగేసినప్పుడు జారినది జారినట్టే, నేల మీద గుండ్రంగా నిలబడి ఉంది.